ఏ గట్టున పుట్టావే?

నేను ఒక మైకుని. ఇనప జాలీ తల, చేతిలో ఇమిడిపోయే నల్లటి ఒళ్ళు, వెనకాల తోకలాంటి తీగ. మనుషుల నోటికి నాకన్నా దగ్గరగా వెళ్ళే వస్తువంటే బహుశా చెంచా ఒక్కటే. అంత దగ్గర్నుంచి విన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, మైకు ముందు మనిషి గొప్పలు పోతే జనం చప్పట్లు కొడతారు. నిజం చెబితే ఏమవుతుందో నా ఆయుష్షులో ఒక్కసారి చూశాను. ఆ అదురు ఇంకా నాలోంచి పోలేదు.

షికాగో దగ్గరి ఒక కార్ఖానాలో పుట్టాను. వెంట్రుకకన్నా సన్నటి రాగితీగను ఆడవాళ్ళు ఓపిగ్గా చుట్టి నా గొంతులో అమర్చారు. అక్కడినుంచి ఈస్ట్ సెయింట్ లూయిస్ అనే ఊళ్లో ఒక చిన్న చర్చికి చేరాను.

ఆ ఊరి సంగతి కాస్త చెప్పాలి. మిసిసిపీ ఏటికి పడమటి గట్టున సెయింట్ లూయిస్ మహానగరం. ఆకాశాన్ని తాకే ఉక్కు కమాను, పెద్ద పెద్ద హోటళ్ళు. తూర్పు గట్టున మా ఊరు. మూతపడ్డ ఫ్యాక్టరీలు, ఇంకా మూతపడని ఒకటి రెండింటి పొగగొట్టాలు. మధ్యలో వంతెన. నడిచి వెళ్ళగలిగేంత దూరమే. అయినా మావాళ్ళు 'అటువైపు' అనే మాటను ఏదో దేశాంతరం పేరులా పలికేవాళ్ళు.

చర్చి పాస్టర్ పేరు ఏమస్ గైథర్. పొడుగాటి మనిషి, మెత్తటి గొంతు. మిగతా పాస్టర్లు దేవుడికి చెవుడన్నట్టు అరిచేవాళ్ళు. ఈయన పక్కనే కూర్చున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. భార్య లేదు. ఒక్కతే కూతురు, వర్నెట్టా. చర్చి బృందంలో పాడుతూ నా ముందే పెరిగింది.

ఆమెకు ఇరవై ఏళ్ళు దాటేసరికి హిప్ హాప్ గాలి మా ఊరిదాకా వచ్చింది. పాట కాదు, మాటే. డప్పు దరువు మీద ప్రాసలు కలుపుతూ గుక్క తిప్పుకోకుండా చెప్పే మాట. న్యూయార్కువాళ్ళు, లాస్ ఏంజిల్స్‌వాళ్ళు ఆ మాటలతోనే ఒకళ్ళ ఊరిని ఒకళ్ళు తిట్టిపోసుకుంటుంటే మావాళ్ళకి ముచ్చటేసింది. మరి మనం ఎవర్ని తిట్టాలి అని చుట్టూ చూశారు. ఏటి అవతలి గట్టు కనిపించింది.

శుక్రవారం సాయంత్రాలు మిస్ ఒడెస్సా స్కేటింగ్ హాల్లో పోటీలు మొదలయ్యాయి. మిస్ ఒడెస్సా అరవై దాటిన మనిషి. చక్రాల బూట్లు అద్దెకిచ్చే కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చునే హాలంతటినీ అదుపులో పెట్టేది. వర్నెట్టా నన్ను చర్చి నుంచి తీసుకెళ్ళింది. పాస్టర్ గైథర్ కాదనలేదు. రమ్మన్నా ఆ హాలుకు రానూలేదు. చర్చికి ఇంకో మైకు కొనుక్కున్నాడు.

వర్నెట్టా పక్కన రికార్డులు తిప్పేవాడు క్లియోటిస్. ఇద్దరూ ఒకే వీధివాళ్ళు. ఆమెను 'నెట్టా' అని పిలిచే హక్కు అతనొక్కడికే ఉండేది. అతను దరువు వేశాడంటే ఆమె వేళ్ళు నా మెడను బిగించేవి.

"మీకు ఉక్కు కమానుంది, దాని కింద నిలిచే కాళ్ళున్నాయా?
మాకు పొగగొట్టాలున్నాయి, ఆ పొగను ఓర్చే కళ్ళున్నాయా?"

హాలు ఊగిపోయేది. ఉద్యోగాలు పోయినవాళ్ళు, అద్దె కట్టలేనివాళ్ళు, ఊరి పేరు చెప్పడానికే సిగ్గుపడేవాళ్ళు ఆ రెండు పంక్తులకి తలెత్తుకుని నిలబడేవాళ్ళు. తమను చంపుతున్న పొగ గురించి ఇంత గర్వపడే జాతి ఇంకోటి ఉంటుందా అని నేను విస్తుపోయేదాన్ని. కానీ వాళ్ళ కళ్ళలో వెలుగు చూశాక నవ్వబుద్ధయ్యేది కాదు. ఆ పాట క్యాసెట్లు కార్ల డిక్కీల్లోంచి అమ్ముడుపోయాయి. వంతెన దాటి అటువైపూ వెళ్ళాయి.

అటువైపు నుంచి జవాబిచ్చినవాడు లమాంట్. భారీ మనిషి, ఏట్లో పడవల్ని లాగే మోటారు పడవ పేరుతో అందరూ 'టగ్‌బోట్' అనేవాళ్ళు. రెండేళ్ళపాటు అతనూ వర్నెట్టా క్యాసెట్ల మీద ఒకళ్ళనొకళ్ళు దులిపేసుకున్నారు. ముఖాముఖి ఎప్పుడూ కలవలేదు. చివరికి మిస్ ఒడెస్సాయే అతన్ని పిలిపించింది. "కుక్కల్లా గోడకటూ ఇటూ మొరగడం ఎందుకు? వచ్చి నా హాల్లో తేల్చుకోండి" అంది.

ఆ శుక్రవారం హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. మొదటి వంతు వర్నెట్టాది. అతని లావునీ, అతని ఊరి డాబునీ కలిపి ఉతికేసింది. జనం బూట్ల చక్రాలతో నేల మీద దరువేశారు. అప్పుడు నేను టగ్‌బోట్ చేతిలోకి వెళ్ళాను. చెమటతో తడిసిన చెయ్యి, చల్లగా ఉంది. నవ్వుతూనే అందుకున్నాడు.

"గట్టు గట్టని అరిచే పిల్లా, ఏ గట్టున నువ్ పుట్టావే?
మా మేడ మెట్ల మీదే కదా తొలి అడుగులు నువ్ పెట్టావే?
మా అత్త చేతి గంజి తాగి మా మీదే నోరు పెట్టావే?"

ఒక్కళ్ళూ నవ్వలేదు. క్లియోటిస్ చెయ్యి రికార్డు మీద ఆగిపోయింది. అంత దరువు ఒక్కసారిగా తెగిపోతే ఎలా ఉంటుందో తెలుసా? గుండె కొట్టుకోవడం ఆగిపోయినట్టే ఉంటుంది.

"ఏం కూస్తున్నావు?" అంది వర్నెట్టా. నా అవసరం లేకుండానే హాలంతా వినపడింది.

టగ్‌బోట్ ఇంకా నవ్వు మానలేదు. "నిజమే చెబుతున్నా. నీ క్యాసెట్ మీద బొమ్మ చూసి మా అత్త గుర్తుపట్టింది. 'ఇది ఏమస్ గైథర్ కూతురు కదరా, మన కింది అంతస్తులో ఉండేవాళ్ళు, ఈ పిల్లని నేను ఎత్తుకు తిరిగాను' అంది. నీకు తెలీదా?"

ఆమెకు తెలీదు. ముఖం చూస్తే ఎవరికైనా అర్థమయ్యేది. కానీ ఆమె ముఖం చూసింది ఎంతమంది? "అటువైపుదా?" అన్నారెవరో. ఆ మాట హాలు చుట్టూ తిరిగి వచ్చేసరికి 'మోసం' అయింది. క్లియోటిస్ తన రికార్డులు ఒక్కొక్కటీ సంచిలో పెట్టుకున్నాడు.

"క్లియోటిస్, నాకు నిజంగా తెలీదు" అంది.

"నువ్వు అటువైపుదానివా కాదా, అంతే చెప్పు నెట్టా."

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. రెండేళ్ళుగా మాట కోసం ఒక్క క్షణం కూడా తడుముకోని మనిషి! అతను సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

అంతలో ఒక చక్రాల బూటు గాల్లో ఎగురుతూ వచ్చింది. విసిరింది వర్నెట్టాలాగే జడలు అల్లుకుని, ఆమెలాగే చొక్కా వేసుకుని వచ్చిన అమ్మాయి. బూటు వర్నెట్టా కణతకి తగలాల్సింది. టగ్‌బోట్ అడ్డం వచ్చాడు. అతని పెదవి చిట్లి రక్తం నా జాలీ మీద పడింది. అతని ముఖంలో నవ్వు అప్పుడు పోయింది. "నేను ఆటకి అన్నానండీ! ఇది ఆటే కదా!" అని పిల్లాడిలా అరుస్తూ, రెండు చేతులూ చాచి, తన శత్రువును తన వీపు వెనక దాచుకుని హాలు వెనక తలుపుదాకా నడిపించాడు. సొంతవాళ్ళ నుంచి ఆమెను కాపాడినవాడు అటువైపువాడు. నేను నేలమీద పడి చూస్తూ కొయ్యబారిపోయాను.

మిస్ ఒడెస్సా నన్ను నేలమీంచి తీసి, తుడిచి, తనే వర్నెట్టా ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చింది. వంటగదిలో తండ్రీ కూతుళ్ళు బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉన్నారు.

"నాన్నా, నేను ఎక్కడ పుట్టాను?"

పాస్టర్ గైథర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మ ఈ ఊరి ఆసుపత్రిలో పోయిందన్నావు. అది నిజమేనా?" అని మళ్ళీ అడిగింది. ఆయన నా వైపు చూశాడు. "శుక్రవారం దాకా ఆగమ్మా. అడిగింది నువ్వొక్కదానివే అయితే ఇక్కడే చెప్పేవాణ్ణి" అన్నాడు.

అన్నట్టే శుక్రవారం, చర్చి కోటు వేసుకుని, జీవితంలో మొదటిసారి స్కేటింగ్ హాల్లో అడుగుపెట్టాడు. ఈసారి వచ్చినవాళ్ళలో సగం మంది తగువు చూడ్డానికే వచ్చారు. వర్నెట్టా కౌంటర్ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన నన్ను పట్టుకున్నాడు. రెండేళ్ళు దాటాక మళ్ళీ ఆ చెయ్యి నాకు తగిలింది.

"ఆ అబ్బాయి చెప్పింది నిజం" అన్నాడు. "అటువైపు పదకొండంతస్తుల ప్రభుత్వ ఇళ్ళుండేవి. తొమ్మిదో అంతస్తులో మా కాపురం. నా కూతురు అక్కడే పుట్టింది. దాని తర్వాత ఇంకో బిడ్డ కడుపులో ఉండగా మా ఆవిడ కొరీన్‌కి రక్తస్రావమైంది. లిఫ్టు చెడిపోయి నెలలైంది. చేతుల మీద ఎత్తుకుని దిగాను. మూడో అంతస్తు మెట్ల మీద నా చేతుల్లోనే పోయింది. ఆ మెట్లే. ఆ అబ్బాయి పాడాడే, ఆ మెట్లే."

ఆయన నన్ను రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"సమాధి చేసిన మర్నాడు పిల్లని ఎత్తుకుని వంతెన దాటేశాను. మళ్ళీ అటు వెళ్ళలేదు. దానికి చెప్పలేదు. చెబితే ఆ మెట్లు చూస్తానంటుందని భయం. నేను వాటిని మళ్ళీ చూడలేను. మీరు బూటు విసరాలనుకుంటే నా మీద విసరండి."

వర్నెట్టా గోడనంటుకుని కిందికి జారి కూర్చుంది. నేను చర్చిలో ఎన్నో చావుల గురించి విన్నాను. ఇంత మెల్లగా, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నా లోపలి తీగ తెగిపోతుందేమో అనుకున్నాను.

అంత జరిగాక కూడా, బూటు విసిరిన అమ్మాయే, ఏడుస్తూనే, "అయినా అటువైపుదే కదా" అంది.

మిస్ ఒడెస్సా స్టూలు దిగింది. జనం ఉండగా ఆవిడ దిగడం ఎవరూ చూసి ఎరగరు. నన్ను పాస్టర్ చేతిలోంచి తీసుకుంది. "నేను పుట్టింది దక్షిణాన ఆర్కన్సాలో, పత్తి చేలో. నన్నూ పొమ్మంటారా? సరే. ఎవరి నాయనమ్మ ఈ ఊళ్లో పుట్టిందో వాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. జనం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఊరి పేరు చెప్పి రక్తాలు కార్చుకున్న వందలమందిలో ఒక్కరి నాయనమ్మ కూడా ఆ ఊరిది కాదు! అందరూ దక్షిణాది చేల నుంచి, రైలెక్కి, మూటలు పట్టుకుని వచ్చినవాళ్ళ మనవలే. నాకే కాదు, వాళ్ళకీ ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

"అయితే బూట్లు అద్దెకి తీసుకోండి, లేకపోతే ఇళ్ళకి పోండి" అని మిస్ ఒడెస్సా మళ్ళీ స్టూలెక్కింది.

ఇంతటితో అంతా చక్కబడిందని చెబితే అబద్ధమవుతుంది. కొందరు పలకరించారు, కొందరు వీధి మారి నడిచారు. క్లియోటిస్ ఆ శుక్రవారం రాలేదు, తర్వాతా రాలేదు. వర్నెట్టా ఒక మధ్యాహ్నం టగ్‌బోట్‌తో కలిసి వంతెన దాటి ఆ మెట్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మేడలు ఎప్పుడో కూల్చేశారు. నడుము ఎత్తు గడ్డి, మధ్యలో ఒక తుప్పు పట్టిన ఊచ. సంచిలో ఉన్న నాకు ఆమె ఏడుపు వినపడింది. ఇంకాసేపటికి అతనిది కూడా.

ఇద్దరూ కలిసి ఆ మెట్ల గురించి ఒక పాట చేశారు. నా ద్వారా వెళ్ళినవాటిలో అంత మంచి పాట లేదు. రెండు గట్లవాళ్ళూ కొనలేదు. తిట్టు లేని పాట ఎవరిక్కావాలి?

వర్నెట్టా బస్సు నడిపే ఉద్యోగంలో చేరింది. పాస్టర్ పోయాడు. మిస్ ఒడెస్సా పోయింది. ఎన్నో ఏళ్ళకి ఎవరో కుర్రకారు ఆ మెట్ల పాట బయటికి తీస్తే ఊళ్ళు ఊళ్ళు విన్నాయట. పడమటి గట్టు మ్యూజియంవాళ్ళు వచ్చి వర్నెట్టాని అడిగి నన్ను తీసుకెళ్ళారు. అద్దాల పెట్టెలో పెట్టి, కింద కార్డు మీద 'సెయింట్ లూయిస్ గాయని వర్నెట్టా గైథర్ మైకు' అని రాశారు.

వారం తిరక్కుండా మ్యూజియం ముందు గొడవ. తూర్పు గట్టు నుంచి రెండు బస్సుల జనం. "వర్నెట్టా మా పిల్ల! మా ఊరి పేరు రాయండి!" ముందు నిలబడి అందరికన్నా గట్టిగా అరుస్తున్నది, తల నెరిసిన క్లియోటిస్. నాకు మతి పోయింది. ఆనాడు ఆమె అటువైపుదని సంచి సర్దుకుని వెళ్ళిపోయిన మనిషి, ఈనాడు ఆమె అటువైపుది కాదని వంతెన దాటి వచ్చి పోట్లాడుతున్నాడు!

మ్యూజియంవాళ్ళు భయపడి వర్నెట్టాకి ఫోన్ చేశారు. బస్సు డ్రైవరు యూనిఫారంలోనే వచ్చింది. "ఏ ఊరు రాయమంటారో మీరే చెప్పండి" అన్నారు మ్యూజియంవాళ్ళు.

ఆమె ఆలోచించలేదు. "ఊరు తీసెయ్యండి. 'వర్నెట్టా, కొరీన్ కూతురు' అని రాయండి. చాలు."

అప్పటికప్పుడు కొత్త కార్డు రాసి పెట్టారు. అరుపులు సద్దుమణిగాయి. జనం ఒక్కొక్కరే వచ్చి చదివి, ఏం అనాలో తెలీక పక్కకి తప్పుకున్నారు. క్లియోటిస్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. అద్దంలో అతని ముఖం నాకు ఎదురుగా ఉంది.

"నెట్టా" అన్నాడు, "కొరీన్ ఎవరు?"

వర్నెట్టా అతని వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ ఆమె మీద కోపం పెట్టుకున్నవాడికి, ఇవాళ ఆమె కోసం గొంతు చించుకున్నవాడికి, ఆ శుక్రవారం హాలుకి రాలేదు కాబట్టి, అసలు సంగతే తెలీదు. ఆమె నా పెట్టె పక్కనున్న బల్ల మీద కూర్చుని, పక్కన కాస్త చోటిచ్చింది.

"కూర్చో" అంది. "మా అమ్మ."