సీటు మూస్తే మిస్సింగు

మా పాత వేనుకి మిస్సింగు జబ్బు. ఇంజను ఒక దెబ్బ కొడతాది, ఒక దెబ్బ మింగేస్తాది, మజ్జిలో నా పేణం తీస్తాది. కొత్తవలసలో నాను వండిన భోజనం భోగాపురం పనోళ్ళకి మజ్జానానికల్లా అందాల. ఇప్పటికే రెండుమాట్లు ఆలస్యమైపోనాది. ఇంకోమాటైతే వేరే వంటావిణ్ణి సూసుకుంటామని మేస్త్రీ మొహమ్మీదే సెప్పీసినాడు. మా ఇంటిల్లిపాదీ ఆ వంట మీదే బతకాల.

మా ఆయన పాల్ "పెట్రోల్లో నీళ్ళు కలిపేస్తన్నారే" అంటాడు. మెకానిక్కు గంగులు ప్లగ్గులన్నాడు, కాయిలన్నాడు, అన్నీ మార్సీసినాడు. మా పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు స్టీరింగు మీద సెయ్యేసి ప్రార్థన సేసినారు. "మా స్కూటరుదీ ఇదే వరసమ్మా, గంగులే బాగుసేసినాడు, అయినా మిస్సింగు కొడతన్నాది" అని నిట్టూర్సినారు.

ఈ వేనుకి ఇంజను ముందు సీటు కిందుంటాది. షెడ్డులో సీటెత్తి స్టార్టు సేస్తే బుద్ధిగా ఆడతాది. ఇంటికొచ్చేసరికి మళ్ళీ దగ్గు.

"అప్పా, నీ సేతిలోనే ఏదో ఉన్నాది" అన్నాడు గంగులు.

"బండి తోలేది మీ బావ. నా సేతిలో అట్లకాడున్నాదిరా, రుసి సూస్తావేటి?" అన్నాను.

శుక్రవారం వాణ్ణి బలవంతంగా వెనకాల సాంబారు గిన్నె పట్టుకోమని కూకోబెట్టి బయల్దేరినాం. విజయనగరం దాటేక వేను ఊగిపోవడం మొదలెట్టింది. "ఆపు! ఇంజను మటుకు ఆపకు" అన్నాను పాల్‌తో.

"నువ్వుండప్పా, నాను సూస్తాను!" అని గంగులు గిన్నెతో సహా లేవబోనాడు.

వాడి కంగారు సూసేక అప్పుడొచ్చింది నాకు అనుమానం. దిగి సీటెత్తినాను. ఇంజను సాఫీ. మూసినాను, దగ్గు. మళ్ళీ ఎత్తి తొంగిసూద్దును కదా, ప్లగ్గు వైరుకి ఇనపతీగతో నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు! సీటు మూస్తే కింద రేకు ఆ తీగని నొక్కుతన్నాది, కరెంటంతా అటే పోతన్నాది.

"ఒరే గంగులూ! ఏటిరా ఇది?"

"దిష్టికాయప్పా." గిన్నె ఎనకాల మొహం దాసుకున్నాడు. "అది కట్టకుండా మా షెడ్డులోంచి ఏ బండినీ పంపనప్పా. మీరు సర్చీవోళ్ళు కదా, బయట కడితే అయ్యగారేటనుకుంటారోనని లోపల కట్టీసినాను. వచ్చిన పెతీసారీ పాతది తీసీసి, బాగుసేసి, కొత్తది కడతన్నాను. అంత కమ్మగా వండుతావు, నీ మీద ఎన్ని కళ్ళుంటాయో!"

కొట్టడానికెత్తిన గరిటె దిగిపోనాది. సచ్చినోడు, నా కూడు సల్లగుండాలనే నా కూటికి ఎసరెట్టీసినాడు. కోపమూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చినాయి.

తీగ పీకీసినాం. వేను లేడిపిల్లలాగ పోనాది. పనోళ్ళు సేతులు కడుక్కుంటన్నప్పుడే గిన్నెలు దించినాం. మేస్త్రీ రెండోమాటు కూర ఏయించుకున్నాడు.

ఇప్పుడా దిష్టికాయ వెనక బంపరుకి ఏలాడతన్నాది. నానే కట్టమన్నాను. ఆదివారం సర్చీ దగ్గిర అయ్యగారు దాన్ని సూసి ఆగిపోనారు.

"ఇదేటమ్మా లీలారాణీ?"

"గంగులు ప్రార్థనండీ. ఇన్నాళ్ళూ మనకి కనబడకుండా ఇంజన్లో దాసీసినాడు."

అయ్యగారు తిన్నగా తన స్కూటరు దగ్గిరికెళ్ళి, వొంగి, ఇంజను పక్క డొప్ప ఊడదీసినారు.