పుండు లేని మంట

నేను అబద్ధాలకోరును. నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి ఎవరూ కష్టపడి కనిపెట్టనక్కర్లేదు. మూడో తరగతిలో కాలు బెణికిందని కుంటుతూ, మధ్యలో పొరపాటున రెండో కాలితో కుంటి దొరికిపోయాను. ఐదులో తలనొప్పి, ఆరులో కడుపునొప్పి. అందుకే ఏడులో తిన్న ప్రతిసారీ గుండెల్లో నిజంగా మంట మొదలైతే, పుంగనూరులోని మా ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు.

మా అవ్వ సరోజమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గాం.

"ఇంత ఘాటు వస్తాంటే దిష్టి యాడిది? మన దీపది వట్టి నాటకం," అని తేల్చేసింది.

నాయన తిమ్మప్ప నన్ను మదనపల్లెకు, మాధవీలత డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మత్తిచ్చి గొంతులోంచి కెమెరా గొట్టం వేసి చూశారు.

"లోపల పుండు లేదు. అయినా మంట నిజమేనప్పా," అంది డాక్టరమ్మ. "కారానికి మండే నరాలే, కడుపులో పులుపు పైకి తన్నినా మండతాయి. కొందరికి అవి మరీ చురుగ్గా తయారవుతాయి. పిల్లల్లో ఎట్లా మారతాయో ఇంకా పరిశోధిస్తానే ఉండారు. మందులు వాడండి, కారం తగ్గించండి."

నాయన చెవిలో 'పుండు లేదు' అన్నంత వరకే పడింది.

"సోమవారం కుప్పం హాస్టల్లో వేస్తాండాను. నీ ఆటలు ఆడ సాగవు," అన్నాడు. అవ్వ తల ఊపింది. నేను ఏడ్చాను. అది కూడా నిజం ఏడుపే. దాన్నీ నమ్మలేదు.

ఆదివారం అవ్వ మజ్జిగ మిరపకాయల కోసం రెండు కిలోల పచ్చిమిరపకాయలు చీల్చింది. సాయంత్రానికి ఇల్లు పీకి పందిరి వేసింది.

"సేతులు మండిపోతాండాయే! పెరుగన్నా తేండే!"

పెరుగు తెచ్చాను. కానీ ముందు నాయన ఫోను టార్చి వేశాను.

"ఏదీ, సూపించు. పుండు యాడుండాది అవ్వా?"

"పుండేందే, మంట!"

"ఈడేమీ లేదు నాయనా. ఎర్రగా కూడా లేదు. అంట్లు తోమకుండా తప్పించుకునేదానికి నాటకం. అవ్వను గూడా హాస్టల్లో వేద్దామా?"

నాయన ఫక్కున నవ్వాడు. అవ్వ నవ్వలేదు. తన చేతులు కాసేపు చూసుకుని, నా వైపు తిరిగింది.

"నీకు ఎన్నాళ్లుగా మండతాండాది?"

"ఆర్నెల్లు."

"ఇట్లేనా?"

"ఇట్లే అవ్వా. కాకపోతే లోపల."

పెరుగు పూసుకున్న చేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుంది. గౌను పాడైపోయింది.

"తిమ్మప్పా, పెట్టెలో బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెట్టు. పాప యాడికీ పోదు."

ఆ రోజు నుంచి నాకు వేరే గిన్నెలో కారం లేని కూర, వేళకు మందులు. నెల తిరిగింది. లెక్కల పరీక్ష రోజు పొద్దున్నే అవ్వ నా పక్కన కూర్చుంది.

"మండతాండాదా పాపా? మండతాంటే బడికి పోవద్దులే."

అబ్బ, ఎంత మంచి అవకాశం! ఔనంటే చాలు, ఈసారి ఇల్లంతా నమ్ముతుంది. నోరు తెరిచాను. అవ్వ దిగులుగా నా మొహమే చూస్తోంది.

"లేదవ్వా, ఈ పొద్దు మంట లేదు," అన్నాను.

ఛ! నమ్మేవాళ్లకు అబద్ధం చెప్పడం ఇంత కష్టమని నాకేం తెలుసు? పరీక్షలో యాభైకి పద్నాలుగు వచ్చాయి.