మేస్త్రి నిలబడిన చోటు

పాత మిల్లు పడగొట్టే చోట పొద్దున్నే గేటు తీసేది ఆవిడే. సేఫ్టీ సూపర్‌వైజరు. హెల్మెట్లు, మాస్కులు పంచి, కరెంటు తీసేశారో లేదో చూసి, ఆ తర్వాత మేస్త్రి ఎక్కడ నిలబడ్డాడో చూసేది.

మేస్త్రి ఆవిడ భర్త. ఓ సినిమాహాలు కూలుస్తుంటే మెట్లగది మీదపడి పోయాడు. అంత్యక్రియలైన మర్నాడే పనిలోకి వచ్చాడు. మాట్లాడడు. కూలబోయే గోడ కిందికి వెళ్లి నిలబడతాడంతే. అటువైపు తాడు కట్టేసి, జనాన్ని దూరం జరిపాకే పని మొదలయ్యేది. కాంట్రాక్టరు కూడా మేస్త్రి వచ్చాడా అని అడిగిగానీ యంత్రాన్ని లోపలికి పంపేవాడు కాదు.

మరిది అదే ముఠాలో పైకప్పు ఆస్బెస్టాస్ రేకులు పగలగొట్టేవాడు. ఊపిరాడటం లేదని మాస్కు మెడకి వేలాడేసుకునేవాడు. రేకులు తడిపి, పగలకుండా విప్పి దించమని వదిన చెప్పి చెప్పి అలిసిపోయింది. అలాగైతే పని తెమిలినట్టేనని నవ్వేవాడు.

"అన్నయ్య నా పక్కన లేడుగా వదినా, ఇంకేం భయం?" అనేవాడు.

ఒకరోజు మేస్త్రి ఏ గోడ దగ్గరికీ వెళ్లలేదు. తమ్ముడి పక్కన నిలబడ్డాడు. పైనుంచి ఏదో ఊడిపడుతుందని అందరూ చెదిరిపోయారు. మరిది ఆవరణ దాటి రోడ్డు మీదికి పరిగెత్తాడు. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేని చోట కూడా అన్న వదల్లేదు. తమ్ముడి ఛాతీకి చెవి ఆనించి నిలబడ్డాడు.

వదినకి అర్థమైంది. పని ఆపించి, మరిదిని ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఊపిరితిత్తుల నిండా రేకుల దుమ్మేనని, చెడిపోయింది మళ్లీ బాగుపడదని, ఇప్పుడే మానేస్తే మిగిలినదాంతో కొన్నేళ్లు నెట్టుకు రావచ్చని డాక్టరు చెప్పింది.

బయట బల్ల మీద మరిది మెడలోని మాస్కు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "మీదపడేది గోడే అనుకున్నా వదినా," అన్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రి, పోయాక మొదటిసారి, ఇంటికి వచ్చాడు. ఆవిడ పెరట్లో మరిది చొక్కా దులుపుతోంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అన్నదమ్ములిద్దరి బట్టలూ అలాగే దులిపి ఉతికేది. అతను వచ్చి పక్కన నిలబడ్డాడు.

చొక్కా పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"నాక్కూడానా?" అంది మెల్లగా.

అతను ఆవిడ వీపుకి చెవి ఆనించి, చీకటిపడేదాకా విన్నాడు.

మర్నాడు ముఠాలో ఎవరూ పనిలోకి వెళ్లలేదు. ఎక్స్‌రే గది ముందు వరసలో అందరికంటే ముందు ఆవిడే నిలబడింది.