తలుపు వంతు

ఐసు మిషన్‌లోంచి అమ్మోనియా గ్యాసు లీకైనప్పుడు రొయ్యల షెడ్డు తలుపుకు బయట గడియ వేసి ఉంది. లోపల ముప్పై నలుగురు ఆడవాళ్లు. ఆ గడియ వేసింది నజ్మా.

వేయమన్నది కాంట్రాక్టరు వెంకటేష్. ఆ పూటకొచ్చిన రొయ్యల లాటు పూర్తయ్యేదాకా ఒక్కరూ బయటికి రాకూడదని అతని చట్టం. అందుకని రోజుకొకరికి తలుపు వంతు పెట్టాడు. వంతు వచ్చినామె బయట స్టూలు మీద కూర్చోవాలి, అతను చెబితేనే గడియ తీయాలి. రోజూ ఐసు నీళ్లలో రొయ్యలు ఒలిచి వేళ్లు మొద్దుబారినవాళ్లకు ఆ ఒక్కరోజే విశ్రాంతి. అందుకే అందరూ ఆ వంతు కోసం ఎదురుచూసేవాళ్లు. వాడి తెలివి చూడండి. మనల్ని మన చేతే బంధించాడు, పైగా అది మనకు సుఖంగా కనిపించేట్టు చేశాడు.

ఆ గురువారం లోపల కేకలు లేచినప్పుడు నజ్మా గడియ తీయలేదు. సార్‌ని అడగడానికి ఆఫీసు గదికి పరుగెత్తింది. అతను ఫోన్లో మాట్లాడుతూ, ఆగమని చెయ్యి చూపించాడు. ఆమె ఆగింది. తిరిగొచ్చి తలుపు తీసేసరికి ముప్పై ముగ్గురు దగ్గుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. రెబెక్కమ్మ వచ్చింది. ఆమె కూతురు ఫేబీ రాలేదు. ఇరవయ్యేళ్ల పిల్ల.

శనివారం పొద్దున వెంకటేష్ ఒక టైపు కాగితం పట్టుకుని నజ్మా ఇంటికే వచ్చాడు. తలుపు తీసే ఉందని, ఫేబీకి ముందే ఆయాసం ఉందని అందులో రాసి ఉంది.

"సంతకం పెట్టు. సోమవారం ఎంక్వైరీలో ఇదే చెప్పు. గడియ వేసి ఉందని తేలిందంటే, వేసిన చెయ్యి ఎవురిదని అడగతారు. నేను ఆఫీసులో ఉండా గదా."

అతను కాగితం వదిలి వెళ్లాక నజ్మా దాన్ని పట్టుకుని కూర్చుంది. మొగుడు మదార్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"పెట్టేయ్‌మే. లేదంటే కోవూరులో మా అక్క ఇంటికి పో. కొన్నాళ్లు ఆడనే ఉండు."

"నేను పారిపోతే నేనే చంపినానని రాసుకుంటారు. పెడితే ఆ బిడ్డ చావుని నేనే కప్పిపెట్టినట్టు. నిజం చెప్తే జైలు. యాడికి పొమ్మంటావు నన్ను?"

వీధిలో మోటారు సైకిల్ చప్పుడైతే చాలు, నజ్మా లేచి తలుపు చాటుకు వెళ్లేది. భయం మనిషిని ఇంత చిన్నగా చేస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో షెడ్డు ఆడవాళ్లంతా కూడారు. పిలిచింది రెజీనా. పదిహేనేళ్లుగా రొయ్యలు ఒలుస్తున్న మనిషి, కూలీల సంఘం పెట్టాలని ఇల్లిల్లూ తిరుగుతున్న మనిషి.

"నిజం చెప్తే షెడ్డు మూసేస్తారు. అందరం పస్తులే," అంది ఏసుమణి.

"చెప్పకపోతే రేపు నువ్వూ లోపల్నే పోతావు," ఇంకెవరో అన్నారు.

"ఆ తలుపు నజ్మా ఒక్కతే వేసిందా?" రెజీనా అడిగింది. "ఒక్క దినం గూడా వంతు చెయ్యనోళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"అయితే రేపు అందరం అదే చెప్దాం."

"మా మీద గూడా కేసు రాస్తారు గదక్కా," అంది ఏసుమణి.

నజ్మా లేచి నిలబడింది. చెప్పకుండా ఉండలేకపోయింది.

"కేకలు ఇనపడతానే తియ్యలేదు నేను. సార్‌ని అడగను పోయినా. ఆగమంటే ఆగినా."

రెబెక్కమ్మ తలెత్తింది. "ఎంతసేపు నిలబడినావు?"

"తెలీదక్కా. రెండు నిమిషాలు. మూడేమో."

"లోపల నేను ఆ తలుపు కొడతానే ఉండా."

ఆ ఒక్క మాట అని రెబెక్కమ్మ లేచి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ కదిలారు. ఏదీ తేలలేదు.

సోమవారం షెడ్డు ముందు షామియానా వేశారు. విచారణ అధికారి కాంట్రాక్టరు కుర్చీలోనే కూర్చుని, కాంట్రాక్టరు తెప్పించిన కూల్‌డ్రింకే తాగాడు. పోలీసు జీపు గేటు దగ్గర సిద్ధంగా ఉంది. నజ్మా పేరు పిలిచారు. ఏం చెప్పాలో అప్పటికీ ఆమెకు తెలియదు. నోరు తెరిచాక మాత్రం అబద్ధం రాలేదు.

"గడియ నేనే వేసినా సార్. ఈయన వెయ్యమంటే వేసినా. ఈయన ఆగమంటే ఆగినా."

"వినినారు గదా సార్, ఆమే ఒప్పుకుంటా ఉంది," అన్నాడు వెంకటేష్ నెమ్మదిగా.

మహిళా కానిస్టేబులు వచ్చి నజ్మా జబ్బ పట్టుకుంది. నజ్మా జనం వైపు చూసింది. అందరూ నేల చూస్తున్నారు.

"నా పేరు గూడా రాసుకోండి సార్."

రెబెక్కమ్మ ముందుకొచ్చింది. అధికారి గుర్తుపట్టాడు. "నువ్వు చనిపోయిన పిల్ల తల్లివి కదమ్మా?"

"అవును. అంతకు ముందు మంగళవారం వంతు నాది. నా బిడ్డ లోపల ఉండంగా, ఈయన చెప్తే, ఈ చేత్తోనే గడియ వేసినా. ఆ పొద్దు గ్యాసు లీకై ఉంటే నేనూ ఈయన్ని అడగనే పోయుందును. నజ్మాను నేను మన్నించలా. అది నాకూ దానికీ ఉండే మాట. వెయ్యమన్నోడు ఎవురో అది రాయండి."

అధికారి కలం ఆగిపోయింది. రెజీనా వచ్చి రెబెక్కమ్మ పక్కన నిలబడింది. "బుధవారం నాది." తర్వాత ఏసుమణి. ఆ తర్వాత మిగతావాళ్లు వరస కట్టారు. ఏడుగురు రాలేదు, ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లను నేను తిట్టను. ఆ భయం ఎలాంటిదో తెలిసినవాళ్లెవరూ తిట్టరు.

"ముందు ఆమెను స్టేషన్‌కి తీసుకుపోండి," అన్నాడు అధికారి విసుగ్గా. నజ్మాను జీపెక్కించారు.

రెబెక్కమ్మ వెళ్లి జీపు ముందు, ఎండలో, మట్టిలో కూర్చుంది. పక్కన రెజీనా, ఏసుమణి, వాళ్ల పక్కన మిగిలినవాళ్లు. గేటు నిండిపోయింది.

"ముందు వెయ్యమన్నాయన్ని ఎక్కించండి సార్," అంది రెబెక్కమ్మ. "మేమంతా వెనకాల నడిచొస్తాం."

డ్రైవరు హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చివరికి ఇంజను ఆపేసి కిందికి దిగాడు.