లిఫ్టు ఉన్న గని

చిన్న గనుల యజమానుల జాతీయ సంఘం బోర్డు మీద ‘చిన్న’ అన్న మాట కనిపించాలంటే కళ్ళజోడు పెట్టుకోవాలి. బోర్డు రాసే రోజున సభ్యులు పెయింటరు పక్కనే నిలబడి, ఆ ఒక్క మాట కాస్త తగ్గించి రాయమని బతిమాలుకున్నారు. పెయింటరు మొహమాటస్తుడు. ‘గనులు’, ‘యజమానులు’, ‘జాతీయ’ అవతలి వీధికి కూడా కనబడతాయి. ‘చిన్న’ మాత్రం చీమల బారులా ఓ మూలన ఉంటుంది.

మనుషులు బంగారమే గాని, గని ఎంతుందని అడిగితే మాత్రం వీళ్ళ నోట నిజం రాదు. ఒకరు చెప్పిన కొలతలో మరొకరు సగం తీసేసి వింటారు. ఆ సంగతి తెలుసు కనుక చెప్పేవాడు ముందే రెట్టింపు చేసి చెబుతాడు. దాంతో చివరికి అందరికీ నిజమే అందుతుంది, అబద్ధమాడిన పాపం ఎవరికీ అంటదు. సంఘం పుట్టినప్పటి నుంచీ లెక్క ఇలాగే సాగుతోంది. బయటివాడు వచ్చి వింటేనే కొంప మునుగుతుంది.

ఆ బయటివాడు ఈ రోజే వచ్చాడు. గనుల శాఖ ఆఫీసరు. చిన్న గనులకు వేరే నిబంధనలు ఉంచాలా, తీసేయాలా అన్నది తేల్చడానికి సంఘం ఆఫీసులో సభ్యుల మధ్య కూర్చున్నాడు. తీసేస్తే, ప్రతి గనికీ సొంత ఇంజినీరు, సొంత డాక్టరు, సొంత రక్షణ బృందం ఉండాలి. ఇప్పుడైతే సంఘమే అందరికీ కలిపి ఒక రక్షణ బృందాన్ని పోషిస్తోంది. ఎక్కడ ఏం జరిగినా బండి కట్టుకుని వాళ్ళే పరుగెత్తుతారు.

సంఘం అధ్యక్షురాలిని అందరూ చిన్నమ్మ అంటారు. ఆమెది పలకరాయి తీసే గని. భర్త పోయాక తనే దిగి నడుపుతోంది. పెద్ద గనుల నిబంధనలు వచ్చిపడితే నెల తిరక్కుండా మూత పడే గనుల్లో మొదటిది ఆమెదే. అయినా చిన్నమ్మ బెదిరే రకం కాదు. ఆఫీసర్ల ముందు తమ కష్టం చెప్పుకోలేని సభ్యుల తరఫున తను మాట్లాడి, గెలిచి రావడం ఆమెకు అలవాటే. ఈసారి ఒకే ఒక్క జాగ్రత్త చెప్పింది.

“మీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్క రోజు మీ గనులు ఎంతున్నాయో అంతే చెప్పండి.”

అందరూ బుద్ధిగా తలలూపారు. అందరికంటే గట్టిగా ఊపినవాడు పాతాళం బాబాయి. తన గని పాతాళం దాకా పోయిందని చెప్పి చెప్పి ఆ పేరు తెచ్చుకున్న పెద్దమనిషి.

ఆఫీసరు మొదట ఆయన్నే అడిగాడు. “మీ గని లోపల ఎలా ఉంటుందండీ?”

బాబాయి మీసం మీద చెయ్యి వేసేసరికే చిన్నమ్మ తల పట్టుకుంది.

“ఎలా ఉంటుందేంటి సార్! లోపల లారీ వెనక్కి తిప్పుకోవచ్చు.”

పక్కాయనకి ఒళ్ళు మండింది. “మా గనిలో రెండు లారీలు ఎదురెదురుగా వచ్చినా ఇబ్బంది లేదండి.”

ఇంకేముంది, ఒకరిని మించి ఒకరు అందుకున్నారు. చిన్నమ్మ బల్ల కింద కాళ్ళు తొక్కింది, దగ్గింది, మంచినీళ్ళు తెప్పించింది. తాగి మరీ చెప్పారు. చివరికి బాబాయి, ఆడపిల్లని తక్కువ చేయకూడదన్న మంచి మనసుతో, “అంతెందుకు సార్, మా చిన్నమ్మ గనికైతే లిఫ్టే ఉంది!” అన్నాడు.

నిజానికి ఆ మాట మొదట అన్నది చిన్నమ్మే. కిందటి మహాసభలో, అధ్యక్షురాలిగా గెలిచిన ఊపులో, “మా గనిలో మేం లిఫ్టులోనే దిగుతాం” అనేసింది. ఉన్నది ఒక ఇనప తొట్టి, దాన్ని దించే మోటారు గిలక. సంఘం లెక్కలో అది లిఫ్టే.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇన్ని వసతులున్నాక మీకు వేరే నిబంధనలు ఎందుకమ్మా?”

తాము చేసిన పనేమిటో అప్పటికి సభ్యులకు తెలిసొచ్చింది. చిన్నమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

“సార్, మా గని ఎంత చిన్నదంటే, లోపల తుమ్మాలంటే పక్కకి తిరిగి తుమ్మాలి.”

బాబాయి ఆమెను ఓసారి చూశాడు. పోటీ అంటే ఆగలేని మనిషి. “అదీ ఓ చిన్న గనేనా! మా గనిలో తుమ్మాలంటే పైకి రావాల్సిందే.”

“మీరు పైకైనా వస్తారు బాబాయ్,” అన్నాడు పక్కాయన. “మా గనిలో ఒకడు పైకి రావాలంటే నలుగురూ వెనక్కి నడవాలి.”

ఆఫీసరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, “ఇందాకటిది నమ్మాలా, ఇది నమ్మాలా?” అన్నాడు.

“రెండూ నమ్మకండి సార్. దిగి చూడండి,” అంది చిన్నమ్మ.

“అయితే ఆ లిఫ్టున్న గనికే పదండి.”

జీపులో కూర్చున్నాక గాని ఆమెకు అసలు ఇబ్బంది గుర్తు రాలేదు. గిలక దగ్గర ఉండేది తోడికోడలు, ఇంటికి పెద్దామె. ఆ మహాసభ నాటి నుంచీ ఆవిడ చిన్నమ్మతో మాట్లాడటం లేదు. ఒకే వంటగది, ఒకే గని, మధ్యలో మాట మాత్రం లేదు. తను అధ్యక్షురాలైందని అక్కకి కడుపుమంట అని చిన్నమ్మ తేల్చేసుకుంది. ఆవిడే వచ్చి పలకరించాలని భీష్మించుకుని కూర్చుంది.

గని దగ్గర పెద్దామె గిలక పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆఫీసరు చుట్టూ కలియజూశాడు. రేకుల కప్పు, నూనె మరకల మోటారు, తాడుకి వేలాడుతున్న తొట్టి.

“లిఫ్టెక్కడమ్మా?”

పెద్దామె కొంగు బిగించి లేచి నిలబడింది.

“నేనే సార్.”

ఆ రెండు ముక్కలతో చిన్నమ్మకి అంతా అర్థమైంది. కడుపుమంటా లేదు, పాడూ లేదు. ఆ సభలో వెనక వరసలో అక్క కూర్చుని ఉంది. రోజూ తనను దించి, ఎక్కించి, భోజనం కూడా ఆ స్టూలు మీదే చేసే మనిషి ముందు, లిఫ్టులో దిగుతాం అని చప్పట్లు కొట్టించుకుంది తను. సిగ్గుతో చిన్నమ్మ మొహం కందిపోయింది.

“లిఫ్టు లేదు సార్,” అంది. “గొప్పకి చెప్పాను. మా అక్కే దించుతుంది.”

ఆఫీసరూ చిన్నమ్మా తొట్టిలో నిలబడ్డారు. దించమన్న గుర్తుగా చిన్నమ్మ గంట తాడు లాగింది. పైన మోటారు గొంతు సవరించుకుంది. తొట్టి ఎక్కడా కుదుపు లేకుండా, నీళ్ళ బిందె దించినంత నెమ్మదిగా దిగింది. కింద నలుగురు పనివాళ్ళు, నెత్తికి తగిలే కప్పు, తడి పలకరాయి వాసన. ఆఫీసరు వంగి వంగి అంతా చూశాడు. మళ్ళీ తొట్టి దగ్గరికొచ్చి నడుం పట్టుకుని అడిగాడు.

“దిగేటప్పుడు మీరు ఆవిడతో ఒక్క మాటైనా మాట్లాడలేదేమ్మా?”

“మా మధ్య మాటల్లేవు సార్. కిందటి మహాసభ నుంచీ.”

ఆఫీసరు పైకి చూశాడు. వెలుతురు రూపాయి బిళ్ళంత కనబడుతోంది. “మాటల్లేని మనిషి చేతిలో ప్రాణం పెట్టి రోజూ దిగుతున్నారా?”

“ఇంకెవరి చేతిలో పెట్టమంటారు సార్?”

ఈసారి గంట తాడు ఆఫీసరే లాగాడు.

పైకొచ్చాక బూట్ల బురద విదిలించుకుంటూ పెద్దామెకు నమస్కారం పెట్టాడు. “మోటారు ఆగిపోతే ఏం చేస్తారమ్మా?”

“చేత్తో తిప్పుతాను. నా వల్ల కాకపోతే సంఘం బృందం వస్తుంది. వాళ్ళొచ్చేదాకా మాత్రం నేనీ స్టూలు వదలను.”

ఆఫీసరు చిన్నమ్మ వైపు తిరిగాడు. “మీ నిబంధనలు మీకే ఉంటాయమ్మా. పెద్ద గనులవి ఇక్కడ పెడితే ఈవిడ స్టూలు ఎక్కడ వేసుకుంటారు? నేను అదే రాస్తాను. మీ వాళ్ళకి చెప్పండి, ముందు ఆ బోర్డు మీద ‘చిన్న’ కాస్త కనబడేలా రాయించమనండి.”

జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. చిన్నమ్మ స్టూలు పక్కన నేల మీదే చతికిలబడింది. గని నిలబడినందుకు ఎగిరి గంతేయాల్సిన మనిషికి ఏడుపు తన్నుకొచ్చింది.

“తప్పయిందక్కా.”

పెద్దామె గిలకకి నూనె వేయడం ఆపలేదు. “వచ్చే మహాసభ ఎప్పుడే?” అంది.

“వర్షాలు తగ్గాక. ఎందుకక్కా?”

“నేనూ వస్తాను. ముందు వరసలో కూర్చోబెట్టు. మా గనికి లిఫ్టుందని మళ్ళీ గట్టిగా చెప్పు.” నూనె డబ్బా మూత పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆవిడ ఇన్నాళ్ళకి చిన్నమ్మ కళ్ళలోకి చూసింది. “నువ్వు చెప్పగానే నేను లేచి నిలబడతాను.”