రిఫ్కా అక్కకి షీల్డు

ఈజిప్టులోని మా మల్లావీ ఊరి చర్చిలో సన్మానం చేసి షీల్డు ఇచ్చారంటే ఇక ఇంటికి పంపించేసినట్టే. పైకి ఎవరూ అనరు గానీ పిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. కీర్తనలు పాడే ఘత్తాస్ మాస్టారికి ఇచ్చారు, మరుసటి వారానికల్లా ఆయన తాళాలు ఇంకెవరి చేతుల్లోనో మోగుతున్నాయి. గేటు కాసే బస్తవ్రూస్ తాతకి ఇచ్చారు, ఆయన కుర్చీ కూడా తీసేశారు. తాత ఇప్పుడు ఆ షీల్డుని టీవీ పక్కన పెట్టుకుని, టీవీ మానేసి దాన్నే చూస్తుంటాడని వాళ్ల కోడలు వాపోయింది.

అందుకే సెప్టెంబరులో వచ్చే మా కొత్త సంవత్సరం పండగనాడు చర్చి వంటింటి రిఫ్కా అక్కకి సన్మానం చేస్తామని ప్రకటించగానే, ఆడవాళ్ల వరసలో నా పక్కనే ఉన్న అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. జనమంతా చప్పట్లు కొడుతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఒసేయ్ దిమ్యానా, నా పని అయిపోయిందే" అంది.

ప్రార్థన ముగిసేదాకా మాలో ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టరు. ముగిశాక ఆవురావురుమంటూ వాకిట్లోకొస్తే, రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన చిక్కుడు గింజల ఫూల్ వాసన ఎదురొస్తుంది. పెద్ద రాగి కుండ, దాని మూత మీద బరువుకి ఒక ఇటుక, పక్కన గరిటె పట్టుకుని అక్క. పెళ్లయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ నేను చూస్తున్నది ఇదే. భర్త పోయాక ఆవిడకి మిగిలిన సంసారం కూడా ఆ కుండే.

సన్మానం ఆలోచన సంఘం కార్యదర్శి ఇంజనీర్ బుష్రాది. మంచివాడే, కాదనను. కాకపోతే చూసిన ప్రతిదాన్నీ బాగుచెయ్యకుండా ఉండలేడు. ఆ సాయంత్రమే వంటింటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పిన్నీ, ఆ రోజు మీరు వంటింట్లో అడుగుపెట్టడానికి వీల్లేదు. ముందు వరసలో దర్జాగా కూర్చోవాలి. భోజనం పట్నం నుంచి డబ్బాల్లో వస్తుంది."

"ఆ రోజు సరే నాయనా. తర్వాతో?"

బుష్రా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అవి కుదిరితే... ఎప్పుడూ అవే తెప్పిద్దామని. మీ మోకాళ్లు కూడా బాలేవు కదా పిన్నీ."

"నా మోకాళ్లు నీకేమన్నా మొరపెట్టుకున్నాయా?" అంది అక్క.

నాకు ఒళ్లు మండిపోయింది. అబూనా సరబామూన్‌తో చెబుతానని లేచాను. మా ఫాదర్‌గారు నెమ్మదైన మనిషి, చెబితే వింటారు. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "అడిగి నిలబెట్టుకునేదాన్ని చోటు అనరే. వాళ్లకే అనిపించాలి" అంది. అభిమానం అన్నం పెట్టదంటారు. ఈవిడ అభిమానం మా ఊరంతటికీ పెట్టింది మరి, ఏమనగలను?

పండగ ముందురోజు పొద్దువాలుతుండగా నన్ను పిలిచింది. వెళ్లేసరికి గింజలు కడిగి సిద్ధంగా ఉన్నాయి.

"రేపు వండొద్దన్నారు కదక్కా?"

"రేపు కదా సన్మానం! ఇవాళ్టికి ఈ వంటిల్లు నాదే. అయినా గేటు బయట కూర్చునే పేదవాళ్లకి డబ్బాలు లెక్కేశాడా ఆ ఇంజనీరు? కుండ పట్టు."

ఇద్దరం కుండని పొయ్యి మీదికెక్కించాం. మూత పెట్టి, ఇటుక పెట్టి, ఆ ఇటుకని ఒక్కసారి నిమిరింది. నేను చూడనట్టు వాకిట్లోకి వచ్చేశాను.

మర్నాడు చర్చి కళకళలాడిపోయింది. వాకిట్లో బుట్టలనిండా ఎర్ర ఖర్జూరాలు, జామపళ్లు. అక్క నల్ల పట్టు గౌను వేసుకుని ముందు వరసలో బిగుసుకుని కూర్చుంది, ఫొటోకి కూర్చున్న పెళ్లికూతురికి మల్లే. ప్రార్థన ముగిసింది. బుష్రా కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. సేవ అన్నాడు, త్యాగం అన్నాడు, కొవ్వొత్తి అన్నాడు. జనం కడుపులు ఆయన కంటే గట్టిగా మాట్లాడుతున్నాయి. ఎట్టకేలకి ఇత్తడి షీల్డు, పూలగుత్తి అక్క చేతికొచ్చాయి. అందరూ డబ్బాల మీదికి ఎగబడ్డారు.

మొదటి డబ్బా తెరిచింది బస్తవ్రూస్ తాత. తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ మూసేశాడు.

"బాబూ బుష్రా, ఇవాళ ఏ వారం?"

"బుధవారం తాతా."

"మరి ఇది కోడి కదా?"

బుధవారం మాకు ఉపవాసం. పండగైనా సరే, మాంసం, పాలు, గుడ్డు, నెయ్యి ముట్టం. ఇంకో డబ్బా తెరిస్తే అందులో వెన్న పూసిన కేకు. పండగ హడావిడిలో తారీఖు చూశాడు గానీ వారం చూడలేదు మహానుభావుడు! అంత చదువూ చదివి పుట్టుకతో వచ్చిన ఉపవాసం మర్చిపోయినవాణ్ణి చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. బుష్రా మొహం బుట్టలోని ఖర్జూరాల కంటే ఎర్రగా ఉంది.

నేను అక్క వైపు చూశాను. ఆవిడ అప్పటికే లేచింది. మోకాళ్ల నొప్పులు ఎక్కడికి పోయాయో! పట్టు గౌను చేతులు పైకి మడిచి, షీల్డు చంకలో పెట్టుకుని వంటింటి వైపు నడుస్తోంది.

"దిమ్యానా, నిమ్మకాయలు కొయ్యవే! బుష్రా, అలా గుడ్లప్పగించి చూడకుండా బజారుకెళ్లి రొట్టెలు పట్రా నాయనా!"

ఇటుక తీసి మూత ఎత్తగానే ఆ వాసన వాకిలంతా పరుచుకుంది. నూనె, జీలకర్ర, నిమ్మరసం వేసి అక్క వడ్డిస్తుంటే గేటు బయటివాళ్లు, లోపలివాళ్లు అందరూ ఒకటే వరస. రొట్టెలు మోసుకొచ్చి చెమటలు కక్కుతున్న బుష్రాకి అక్క ఒక గరిటె ఎక్కువే వేసింది. అతను తల వంచుకుని, "పిన్నీ, ఇక డబ్బాల మాట ఎత్తితే ఒట్టు" అన్నాడు.

వరస చివర అబూనా పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. ఒకసారి తిని మళ్లీ వచ్చారు.

"డబ్బాలు ఎప్పుడూ తెప్పిద్దామనుకున్నారా?" అని ఆశ్చర్యపోయారు, నేను నోరు ఆపుకోలేక చెప్పేస్తే. "నాకెవరూ చెప్పలేదే! రిఫ్కా, నువ్వు వెళ్లిపోతే మేం ఏం తిని బతకాలమ్మా?"

అక్క గరిటె పక్కన పెట్టింది.

"అబూనా, ఈ షీల్డు నాదేనా?"

"నీదే."

"నా ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చా?"

"నిక్షేపంగా."

కుండకి మూత పెట్టి, ఇటుక పెట్టే చోట షీల్డు బోర్లా పెట్టింది. నొక్కి చూసింది. సరిగ్గా సరిపోయింది. నడుం మీద చేతులు పెట్టుకుని వాకిలంతా కలయజూసింది.

"మన చర్చిలో షీల్డు వస్తే ఎవరో ఒకరు ఇంటికి పోవాలి కదా. మరి ఇప్పుడు ఎవరు పోతున్నట్టు?"

అబూనా ఒక్క క్షణం ఆలోచించి, కింద ఉన్న ఇటుకని రెండు చేతులతో ఎత్తారు. మసిబట్టిన ఆ ఇటుకని గోడ అరుగు మీద కూర్చోబెట్టి, బుష్రా తెచ్చిన పూలగుత్తి దాని ముందు పెట్టారు.

"ఇన్నాళ్ల సేవకి ధన్యవాదాలు నాయనా. ఇక విశ్రాంతి తీసుకో" అన్నారు.

జనం విరగబడి నవ్వారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బస్తవ్రూస్ తాత. అక్క కూడా నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా. నాకూ ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు నాకు ఆమడ దూరంలో ఉన్నాయి, వాటి మీద నెపం పెట్టే వీలు కూడా లేకపోయింది.

"చాల్లే నవ్వులు" అని అక్క మళ్లీ గరిటె అందుకుంది. "ఘత్తాస్ మాస్టార్ని, తాతని ముందుకి రానివ్వండి. తాతా, నీ కుర్చీ వంటింటి మూల ఉంది. తిన్నాక గేటు దగ్గర వేసుకో."