మామయ్య పోసిన ఐసు

రసాయనాల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను బుల్లెమ్మ అంటారు. మనిషి పొట్టి అని కొంత, ఆమె తెప్పించిన రియాక్టరు అరచేతిలో ఇమిడిపోతుందని కొంత. చూడ్డానికి ఒట్టి ఉక్కు పలక. లోపల వెంట్రుకంత సన్నని కాలువలు, వాటిలో రెండు వందల యాభై డిగ్రీల వేడి, బయటి గాలికి వంద రెట్ల ఒత్తిడి. ఆ ఒత్తిడికి ద్రావకం మరగను కూడా మరగదు. పెద్ద రియాక్టర్లలో పొద్దంతా సాగే పని ఇందులో టీ చల్లారేలోపు తెమిలిపోతుంది.

ఆ పెద్ద రియాక్టర్ల షెడ్డుకు సూపర్‌వైజరు ఆమె సొంత మేనమామే. "ఏమే, లక్కపిడతలాట ఇంకా అయిపోలేదా?" అని రోజూ ఆటపట్టిస్తాడు.

ఆ రోజు ఫ్యాక్టరీ యజమానురాలు పలక పనితీరు స్వయంగా చూడటానికి వస్తోంది. నచ్చిందా, సరే. లేదంటే పలక అమ్మినవాళ్ళకు తిరిగి వెళ్తుంది, బుల్లెమ్మేమో మామయ్య షెడ్డుకు వెళ్తుంది. పాపం, ఆమెకు పొద్దుటినుంచి ముద్ద దిగలేదు.

ఎంత వెక్కిరించినా పెంచిన చేయి కదా, మామయ్య మనసు కరిగింది. "నువ్వెళ్ళి మేడమ్‌ని తీసుకురా. ఇక్కడ నేను చూసుకుంటాలే" అన్నాడు.

ఆమె గడప దాటగానే సాయం చేయాలని చేయి దురద పుట్టింది ఆయనకు. సరుకు బయటికొచ్చే సన్న గొట్టం గోరువెచ్చని నీళ్ళ తొట్టిలోంచి పోతోంది. గోరువెచ్చని నీళ్ళేమిటి! తన షెడ్డులో అయితే సరుకు వేడి తగ్గాలంటే ఐసు పోయాల్సిందే. పిల్ల కంగారులో మరిచిపోయిందనుకుని, ఆ నీళ్ళు పారబోసి, తొట్టి నిండా ఐసు పోసి, మీసం దువ్వుకున్నాడు.

వాళ్ళిద్దరూ లోపలికి అడుగు పెట్టేసరికి సైరన్ కూసింది. చలికి సరుకు గొట్టంలోనే గడ్డకట్టి దారి మూసేసింది. ఒత్తిడి ఎగబాకడంతో పంపు తనంతట తనే ఆగిపోయింది, రక్షణ వాల్వు తెరుచుకుంది, చెంచాడు ద్రవం పక్క డబ్బాలో పడింది. పలకలో ఉన్నదే అంత.

బుల్లెమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఐసు చూసింది, మామయ్య ముఖం చూసింది. "నాదే పొరపాటండీ. చెప్పి వెళ్ళాల్సింది" అంది.

"దానిదేం లేదమ్మా. అంతా నా నిర్వాకం" అన్నాడు మామయ్య.

యజమానురాలు ఆయన వైపు తిరిగింది. "మీ షెడ్డులో ఇలా ఒత్తిడి పెరిగితే ఏం చేస్తారు?"

"ఏముందమ్మా, కాలికి బుద్ధి చెప్పడమే."

"మరి ఇప్పుడు ఇక్కడే నిలబడ్డారే?"

మామయ్య తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నిజమే, సైరన్ కూస్తుంటే కదలకుండా నిలబడటం ఆయన ఉద్యోగంలో ఇదే మొదలు.

"పడింది చెంచాడే కదా, పరిగెత్తాలని తోచనే లేదమ్మా" అన్నాడు. "ఇది పోతే పిల్ల నా షెడ్డుకొస్తుందని ఇన్నాళ్ళూ సంబరపడ్డాను. ఇప్పుడు వద్దు, అక్కడైతే పరుగు తీయాల్సిందే. నా మేనకోడలిని ఇక్కడే ఉండనివ్వండి."

బుల్లెమ్మకు కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. యజమానురాలు ఒక కుర్చీ లాక్కుని పలక ముందు కూర్చుంది.

"ఐసు తీసేసి మళ్ళీ మొదలుపెట్టమ్మా" అంది. "తర్వాత ఆ పెద్ద షెడ్డులోవాళ్ళందరికీ నేర్పుదువుగాని. ముందు మీ మామయ్యకు."